కర్పూరం ఆర్పని చెయ్యి

నా ముఖం గుండ్రంగా తిరుగుతున్న రోజుల్లో అందరూ సంతోషించారు. మా వైపు అంతే. పెళ్ళయిన ఆడపిల్ల చిక్కిపోతే అత్తగారింటిని తిట్టుకుంటారు, ఒళ్ళు చేస్తే మొగుణ్ణి మెచ్చుకుంటారు. పుంగనూరులో మా వీధి మలుపులో పూలమ్మే ఆమె మూర కొలుస్తూ నన్ను తేరిపార చూసి, "మొగం సందమామ మాదిరి అయినాది గదమ్మా. మీ ఆయప్ప బాగా సూసుకుంటాండాడు," అంది. కొసరుగా ఇంకాస్త వేసింది కూడా. నేను నవ్వుకుంటూ పూలు తలలో పెట్టుకుని ఇంటికి వచ్చాను.

నేను చౌడేపల్లె దగ్గర ఒక పల్లెలో బడిపంతులమ్మను. తెలుగు చెబుతాను. చంద్రబింబం వంటి ముఖం అన్న పోలికను పిల్లల చేత ఎన్నిసార్లు రాయించానో లెక్కలేదు. అదే పోలికను డాక్టర్లు ఒక జబ్బుకు గుర్తుగా వాడతారని నాకప్పుడు తెలియదు. మా ఇళ్ళలో ఎవరికీ తెలియదు. తెలియక గడిపిన ఆ కాలంలో నాకు ఒక చెయ్యి దూరమైంది. అది నా భర్త చెయ్యి. ఇప్పుడు జబ్బు పోయింది, ముఖం తగ్గింది. ఆ చెయ్యి మాత్రం ఇంకా తిరిగి రాలేదు.

ఆయనకు పుంగనూరు బస్టాండు దగ్గర చిన్న అంగడి ఉంది. కాలిపోయిన బోరు మోటార్లకు కొత్తగా రాగితీగ చుట్టి ఇస్తాడు. ఎండాకాలం వస్తే రైతులు మోటార్లను ఆటోల్లో వేసుకొచ్చి, ఆసుపత్రి ముందు కూర్చున్నట్టు దిగులుగా అంగడి ముందు కూర్చుంటారు. తీగ చుట్టీ చుట్టీ ఆయన వేళ్ళు మొద్దుబారాయి, గోళ్ళ సందుల్లో నలుపు ఎప్పటికీ పోదు. చూసేవాళ్ళకు అవి మొరటు చేతులు. నాకు తెలిసినంతలో ఆ చేతులు ఒక వస్తువును గట్టిగా కింద పెట్టి ఎరుగవు. టీ గ్లాసును కూడా చప్పుడు కాకుండా పెడతాడు. మాట కూడా అంతే. పదిమంది ఉన్న చోట ఆయన గొంతు వినాలంటే చెవి ఒగ్గాలి.

ముఖం తర్వాత పొట్ట పెరిగింది. చేతులూ కాళ్ళూ మాత్రం సన్నబడుతూ వచ్చాయి. రవికె నడుము దగ్గర బిగుసుకుంటే చేతుల దగ్గర వదులైపోయేది. మెడ వెనక చిన్న ముద్దలాగా కండ పెరిగింది. గడ్డం మీద వెంట్రుకలు, ఈ వయసులో మొటిమలు. నెలసరి తప్పి తప్పి చివరికి ఆగిపోయింది. బీపీ ఉందని మాత్రలు రాశారు, షుగరు మొదలయిందన్నారు. అన్నం తగ్గించి నడవమన్నారు. అన్నం మానేసి రాగిముద్ద తిన్నాను, అదీ సగం చేశాను. నడవబోతే తొడల్లో సత్తువ లేదు. బడిలో నేల మీద పిల్లల పక్కన కూర్చుంటే లేవడానికి బల్ల పట్టుకోవాల్సి వచ్చేది. పస్తులుండి లావెక్కుతున్నానంటే ఎవరు నమ్ముతారు? తోటి టీచర్లు నా టిఫిన్ డబ్బా వైపు ఓరగా చూసేవాళ్ళు.

నిద్ర పట్టేది కాదు. ఏడుపు మాత్రం అడక్కుండానే వచ్చేది. ఒకసారి సుద్దముక్క విరిగిందని క్లాసులోనే ఏడ్చాను. ఇంకోసారి చారులో ఉప్పు చాల్లేదని ఆయన మెల్లగా అన్నందుకు గిన్నె తీసుకెళ్ళి తూములో పోశాను. పోశాక నేనే భయపడ్డాను, ఇది నేనేనా అని.

మా దగ్గర ప్రతిదానికీ ఒక జవాబు సిద్ధంగా ఉండేది. ముఖం గుండ్రమైంది సుఖం వల్ల. పొట్ట పెరిగింది తిండి వల్ల. నెలసరి ఆగింది ఒంటి తత్వం వల్ల. ఏడుపు పిల్లలు లేనందువల్ల. వీటన్నిటినీ ఒక్క చోట పెట్టి చూసినవాళ్ళు లేరు. నేనూ చూడలేదు. ఎవరికి వాళ్ళం ఒక్కో ముక్క పట్టుకుని అదే మొత్తం అనుకున్నాం.

మచ్చలు ఎప్పుడు మొదలయ్యాయో సరిగ్గా చెప్పలేను. బల్ల అంచు తగిలితే నీలం, సంచి పట్టీ ఒరుసుకుంటే నీలం. గుర్తున్నది మాత్రం ఒక్కటి. మదనపల్లె బస్టాండులో పుంగనూరు బస్సు ఎక్కుతుంటే కాలు పైకి లేవలేదు. బస్సు కదిలింది. వెనకకు పడిపోతుండగా, ముందే ఎక్కిన ఆయన నా చెయ్యి మోచేతి పైన పట్టుకుని లోపలికి లాగాడు. పట్టుకోకపోతే చక్రం కింద ఉండేదాన్ని. మరుసటి రోజు తెల్లారి చూస్తే చేతి మీద ఆయన వేళ్ళు అచ్చుగుద్దినట్టు ఉన్నాయి. నాలుగు వేళ్ళూ ఒక పక్క, బొటనవేలు ఇంకో పక్క.

"ఇదేంది మే, ఇంత గట్టిగా పట్టుకుంటినా నేను?" అన్నాడు.

"పైల్వాన్‌వి కదా," అన్నాను. ఇద్దరం నవ్వాం.

ఆ మచ్చ నీలం నుంచి ఆకుపచ్చకు, ఆకుపచ్చ నుంచి పసుపుకు తిరగడానికి చాలా రోజులు పట్టింది. నేను తల దువ్వుకుంటుంటే ఆయన నా చేతి వైపు చూసి చూపు తిప్పుకునేవాడు. ఇంకో మచ్చ కనబడితే "ఇది యాడ తగిలినాది?" అని అడిగేవాడు. నాకు గుర్తుండేది కాదు. తెలియదు అనేదాన్ని. ఆ తర్వాత కొన్నాళ్ళకు ఉక్కగా ఉందని చెప్పి చాప తీసుకెళ్ళి ముందు గదిలో పడుకోవడం మొదలుపెట్టాడు. చలికాలం ముందు ఉక్క ఏమిటని నేను అడగలేదు. నా చిరాకుకు తట్టుకోలేక వెళ్ళాడనుకున్నాను.

దీపావళికి మదనపల్లె వెళ్ళాను. అక్కడ మా అమ్మ, అన్నా వదినలు ఉంటారు. అన్న టమోటా మండీలో పని చేస్తాడు. ఆయన అంగడి కట్టేసి మధ్యాహ్నం భోజనాల వేళకు వస్తానన్నాడు. పండగ పొద్దున అమ్మ తన చేత్తో తలంటితే తప్ప ఊరుకోదు, ఎంత వయసొచ్చినా సరే. నేను వద్దన్నాను. పెరిగిన పొట్ట అమ్మకు చూపించాలంటే సిగ్గుగా ఉంది. అమ్మ వినలేదు. స్నానాలగదిలో పీట వేసి, నువ్వులనూనె గోరువెచ్చగా చేసి తెచ్చింది.

తల మీద మూడు చుక్కలు పెట్టి, ఏదో దీవెన గొణుగుతూ నూనె అంటింది. వీపుకు వచ్చేసరికి గొణుగుడు ఆగిపోయింది. కాసేపటికి నా ముందుకు వచ్చి చూసింది. చేతుల మీద, తొడల మీద నీలం మచ్చలు. పొట్ట మీద, నడుము పక్కల, చంకల కింద వేలెడు వెడల్పున ఎర్రగా, ఊదాగా చారలు. వరసగా, వంకరగా, బెల్టుతో కొట్టినట్టే ఉంటాయి అవి. నాకే అద్దంలో అలా అనిపించింది ఒకటి రెండు సార్లు.

"ఎవురు కొట్టినారు మే నిన్ను?" అంది అమ్మ. గొంతు పైకి లేవలేదు.

"ఎవరూ కొట్టలేదమ్మా."

"మల్ల ఈ వాతలేంది?"

"తెలీదు. అవే వచ్చినాయి."

అమ్మ చేతిలోని నూనెగిన్నె కింద పెట్టింది. "నేను గూడా అట్లనే సెప్తా ఉంటిని, మీ నాయిన కొట్టినప్పుడు. తొట్టి అంచు తగిలినాదని, గడప తగిలినాదని. తొట్టి పోయి మనిసిని ఈపు మింద కొడతాదా? నా నోటితో సెప్పిన అబద్దాలన్నీ నాకు తెలుసు లే."

మా నాన్న కూలి పని చేసి, తాగి, ఇంటికి వచ్చి ఆమెను కొట్టేవాడు. ఆయన పోయి చాలా కాలమైంది. నేను చిన్నప్పుడు చూశాను, కానీ అమ్మ ఆ సంగతి తన నోటితో చెప్పడం అదే మొదలు. నేను కాదు కాదంటున్న కొద్దీ ఆమెకు అవును అవుననే వినబడింది. ఆమె బతుకంతా ఆ కాదులోనే గడిచింది.

మధ్యాహ్నం ఆయన స్కూటరు మీద వచ్చాడు. ఒక చేతిలో మైసూరుపాకు డబ్బా, ఇంకో చేతిలో అన్న పిల్లలకు కాకరపువ్వొత్తులు. అప్పటికి మా మేనమామను పిలిపించారు. వసారాలో మేనమామ, అన్న కుర్చీల్లో కూర్చుని ఉన్నారు. అల్లుడికి కాళ్ళకు నీళ్ళివ్వలేదు, కూర్చోమని అనలేదు. లోపల వంటింట్లో వడలు చల్లారిపోతున్నాయి.

"నా సెల్లెలి ఒంటి మింద ఆ దెబ్బలేందప్పా?" అన్నాడు అన్న.

"నేను కొట్టలేదు బావా," అన్నాడు ఆయన.

ఒక్కసారే అన్నాడు. మేనమామ తల ఊపాడు. నిప్పు లేనిదే పొగ రాదన్నాడు. నేను గడపలో నిలబడి, ఆయన కొట్టలేదని అరిచాను. బయటికి రాబోతే వదిన నా చెయ్యి పట్టుకుని లోపలికి లాగింది. మరుసటి రోజు ఆ చోట కూడా మచ్చ తేలింది. దాన్ని కూడా ఆయన మీదే వేశారు.

అప్పుడు అమ్మ ఒక ఇత్తడి పళ్ళెంలో కర్పూరం వెలిగించి తెచ్చి ఆయన ముందు పెట్టింది. మా పల్లెల్లో ఇది పాత ఆనవాయితీ. వెలుగుతున్న కర్పూరాన్ని అరచేత్తో ఆర్పి చెప్పిన మాటను ఇక ఎవరూ కాదనకూడదు. పొలంగట్ల తగాదాలు కూడా దానితో తెగిపోతాయి. దొంగ ప్రమాణం చేసినవాడి ఇల్లు నిలవదంటారు. అమ్మ మనసులో ఆశ ఉండబట్టే ఆ పళ్ళెం తెచ్చింది. నాకిప్పటికీ అదే నమ్మకం.

"నా బిడ్డ ఒంటి మింద మచ్చల్లో నీ సెయ్యి లేదని ఆర్పి సెప్పప్పా. నేను ఇంగేమీ అడగను," అంది.

నా గుండె కుదుటపడింది. అయిపోయింది, ఆర్పేస్తాడు, అందరం లోపలికి వెళ్ళి తింటాం అనుకున్నాను. ఆయన వంగాడు. చెయ్యి చాపాడు. మంట మీదకు వచ్చిన చెయ్యి అక్కడే ఆగింది. తన వేళ్ళ వైపు చూసుకున్నాడు. తర్వాత చెయ్యి వెనక్కు తీసుకుని, "నేను ఆర్పలేను అత్తా," అన్నాడు.

కర్పూరం దానంతటదే కాలిపోయింది. పళ్ళెంలో నల్లటి మరక మిగిలింది. అన్న లేచి ఆయన కాలరు పట్టుకున్నాడు. ఆయన విడిపించుకోలేదు. కాలరు వదిలాక చొక్కా సరిచేసుకుని, మైసూరుపాకు డబ్బా తిన్నె మీద పెట్టి వెళ్ళిపోయాడు.

నేను మదనపల్లెలోనే ఉండిపోయాను. ఉంచేశారు అనాలి. బడికి సెలవు పెట్టించారు. ఆయన నా బీపీ మాత్రలూ బట్టలూ తెలిసిన డ్రైవరు చేత పంపాడు. అప్పుడప్పుడు ఫోను చేసి, "మాత్రలు ఏసుకున్నావా?" అని అడిగేవాడు. ఏసుకున్నానంటే సరే అని పెట్టేసేవాడు. నేను అడగాల్సిన మాట ఒకటి ఉంది, అది నోరు దాటలేదు. నన్ను కొట్టలేదని నాకంటే బాగా తెలిసినవాళ్ళు లేరు. మరి ఎందుకు ఆర్పలేదు? పుంగనూరుకు మాత్రం ఆయనకంటే ముందే కబురు చేరింది. చూడ్డానికి మెత్తగా ఉంటాడు గానీ లోపల వేరే అని అనుకున్నారట.

అమ్మ రోజూ నా మచ్చలకు నూనె రాసేది. పుట్టింట్లో ఉంటే తగ్గిపోతాయని ఆమె లెక్క. పాతవి తగ్గుతుంటే కొత్తవి వచ్చేవి. నిద్రలో మంచంకోడు తగిలిందేమో అనేది. ఒకరోజు చాప మీద కూర్చున్న నేను లేవలేకపోతే, నా ముంజేతులు రెండూ పట్టుకుని లేపింది. మరునాడు నూనె రాయబోతూ ఆగిపోయింది. ముంజేతి మీద వేళ్ళ గుర్తులున్నాయి. ఎడమ పక్క చిటికెన వేలి గుర్తు వంకరగా ఉంది. అమ్మ చిటికెన వేలు ఎప్పుడో విరిగి వంకరగా అతుక్కుంది. మా నాన్న విరిచాడు దాన్ని.

అమ్మ తన వేళ్ళను ఒక్కొక్కటిగా ఆ గుర్తుల మీద పెట్టి చూసుకుంది. సరిగ్గా సరిపోయాయి.

"నేను కొట్టలేదు గదమ్మా నిన్ను," అంది చివరికి, నన్నే సాక్ష్యం అడుగుతున్నట్టు.

ఆ వారమే తుమ్మితే పక్కటెముక విరిగింది. తుమ్ముకు ఎముక విరగడమేమిటని ఎక్స్‌రే తీసినాయన కూడా నన్ను అనుమానంగా చూశాడు. కుప్పంలో ఉండే మా చిన్నమ్మ, తమ ఊళ్ళో పెద్దాసుపత్రి ఉందని, తీసుకురమ్మని పట్టుబట్టింది. అమ్మా నేనూ బస్సెక్కాం. బస్సు పుంగనూరులో ఆగినప్పుడు కిటికీలోంచి ఆయన అంగడి కనబడింది. సగం షట్టరు ఎత్తి ఉంది. అమ్మ అటువైపు చూడకుండా సంచిలో ఏదో వెతుక్కుంది.

కుప్పం డాక్టరమ్మకు నా వయసే ఉంటుంది. మచ్చలు చూసి అమ్మను బయట కూర్చోమంది. తలుపు వేసి, "ఇంట్లో ఎవరైనా కొడతారా?" అని అడిగింది.

లేదన్నాను. ఆమె కూడా నమ్మదని నాకు తెలుసు. అప్పటికి ఆ మాట చెప్పీ చెప్పీ నాకే అబద్ధంలాగా వినబడుతోంది.

ఆమె, "సరే," అంది. నేను ఏడ్చేశాను. ఒక మనిషి సరే అనడం కోసం అన్ని నెలలు ఎదురు చూశానని అప్పుడే తెలిసింది.

చేతులు కట్టుకుని గొంతుక్కూర్చుని లేవమంది. కూర్చున్నాను, లేవలేకపోయాను. మెడ వెనక ముద్దను తడిమింది. పొట్ట మీది చారలను చూసింది. ముంజేతి చర్మాన్ని రెండు వేళ్ళతో మెల్లగా పట్టి చూస్తే కాగితంలాగా పలచగా లేచింది. కీళ్ళనొప్పులకనో ఆయాసానికనో మందులు వాడావా, ముఖానికి క్రీములు రాశావా, నాటుపొడులు మింగావా అని గుచ్చి గుచ్చి అడిగింది. స్టెరాయిడ్ మందులు ఎక్కువ కాలం వాడినా ఒళ్ళు ఇలాగే మారుతుందట. నేను ఏవీ వాడలేదు. అప్పుడామె పాత ఫోటో ఉందా అంది. ఫోనులో బడి వార్షికోత్సవం ఫోటో ఒకటి దొరికింది. దాన్ని నా ముఖం పక్కన పెట్టి చూసింది. నేనూ చూశాను. ఆ ఫోటోలోని మనిషి దవడ ఎముక, మెడ, చేతులు ఏవీ నావి కావు. రోజూ అద్దంలో చూసుకుంటూ ఇంత మారిపోయానని నాకే తెలియలేదు.

అమ్మను లోపలికి పిలిచింది.

"ఈ చారలు దెబ్బలు కాదమ్మా. లోపల ఒక హార్మోను ఎక్కువైనట్టుంది. దాని వల్ల చర్మం పలచబడి సాగిపోతుంది, లోపలి రంగు పైకి కనబడుతుంది. కండ కరుగుతుంది, ఎముక గుల్లబారుతుంది. ఎవరు పట్టుకున్నా మచ్చ పడుతుంది. మీరు పట్టుకున్నా పడుతుంది."

"పడినాది," అంది అమ్మ.

పరీక్షలకు రోజులు పట్టాయి. ఒక రోజంతటి మూత్రాన్ని పెద్ద క్యానులో పట్టి ఇవ్వమన్నారు. చిన్నమ్మ ఇంటి నుంచి ఆ క్యానును సంచిలో పెట్టుకుని ఆటోలో వెళ్తుంటే పక్కనామె పాలా అని అడిగింది. చాలా కాలానికి నవ్వొచ్చింది నాకు. రాత్రి మాత్ర మింగించి పొద్దున నెత్తురు తీశారు. స్కానింగులో మూత్రపిండం పైన టోపీలాగా ఉండే గ్రంథిలో గడ్డ కనబడింది. అదే కార్టిసాల్ అనే హార్మోనును అదుపు లేకుండా వదులుతోందట. ఆపద వచ్చినప్పుడు మనిషి తట్టుకోవడానికి ఒంట్లో ఊరే పదార్థమట అది. ఏ ఆపదా లేని ఇంట్లో, మెల్లగా మాట్లాడే మనిషి పక్కన, నా ఒళ్ళు రాత్రీ పగలూ ఆపదలోనే బతికింది.

తిరుగు ప్రయాణంలో పుంగనూరులో అమ్మ దిగుదామంది. ఎందుకని అడగలేదు నేను. బస్టాండు పక్క అంగట్లో కర్పూరం కొని కొంగున కట్టుకుంది. ఆయన ఒక మోటారు విప్పుకుని కూర్చుని ఉన్నాడు. చౌడేపల్లె నుంచి వచ్చిన రైతు ఒకాయన, పక్క అంగళ్ళవాళ్ళు ఉన్నారు. అమ్మ చెప్పులు విడిచి, అంగడి మెట్టు మీద కర్పూరం బిళ్ళ వెలిగించింది.

"మా అల్లుడు నా బిడ్డను కొట్టలేదు. జబ్బు అది. నేను తప్పు మాట అన్నా," అని అందరికీ వినబడేలా చెప్పి, అరచేత్తో మంటను అదిమింది.

"లెయ్ అత్తా, సెయ్యి కాలతాది," అని ఆయన లేచి వచ్చాడు. ఆమెను పట్టుకుని లేపడానికి చెయ్యి చాపి, మళ్ళీ వెనక్కు తీసుకుని, స్టూలు జరిపాడు. తర్వాత ఆ రైతు, "నా మోటారు ఎప్పుడిస్తావప్పా?" అన్నాడు.

అమ్మ నీళ్ళు తాగడానికి పక్కకు వెళ్ళినప్పుడు అడిగాను. "ఆ పొద్దు ఎందుకు ఆర్పలేదప్పా నువ్వు?"

ఆయన చేతిలోని తీగ ముక్కను చుట్టాడు, విప్పాడు.

"నా ఏళ్ళ గుర్తులు నీ సేతి మింద పడుండె గదా. నేనే సూసినా. మచ్చల్లో నా సెయ్యి లేదని ఎట్ల ఆర్పేది?" అన్నాడు. కొంచెం ఆగి, "రోజుకొకటి వస్తా ఉండె. నీకు తెలీదంటివి. నిద్దట్లో నేనే ఏమన్నా సేస్తాండానేమో అనుకుంటి. అందుకే ముందు గదిలో పడుకుంటి," అన్నాడు.

ఒక మనిషి తన చేతులను తానే అనుమానించుకుంటూ, నన్ను తన నుంచి కాపాడడానికి చాప తీసుకుని వేరే గదికి పోయాడు. నేను అది చిరాకు అనుకున్నాను. అన్న అది నేరం అనుకున్నాడు. నిజమైతే తప్ప ఆర్పకూడదని నమ్మినవాడు ఆ వసారాలో ఆయన ఒక్కడే. నాకు ఆ క్షణంలో ఆయన మీద కోపం కూడా వచ్చింది. ఒక్క మాట నాతో చెప్పి ఉంటే ఇద్దరం కలిసి భయపడేవాళ్ళం కదా.

ఆపరేషను జరిగింది. గడ్డ తీశారు. చెడ్డ గడ్డ కాదన్నారు. అది జరిగాక కూడా ఒళ్ళు వెంటనే కోలుకోదని చెప్పలేదెవరూ, లేక చెప్పినా నేను వినలేదు. ఇన్నాళ్ళూ పని లేక నిద్రపోయిన రెండో గ్రంథి లేచేదాకా మాత్రల మీద ఉండాలి. ఒళ్ళంతా నొప్పులు, లేస్తే కళ్ళు తిరగడం. ఆసుపత్రిలో ఉన్నన్నాళ్ళూ ఆయన నా పక్కనే ఉన్నాడు. గంజి కలిపాడు, చెంచాతో తాగించాడు. చెంచా కొస మాత్రమే నాకు తగిలేది. పక్క మీద నుంచి లేపాల్సి వస్తే బయటికి వెళ్ళి నర్సును పిలుచుకొచ్చేవాడు.

నెలల మీద ముఖం తగ్గింది. మెడ కనబడింది. చారలు వెలిసి తెల్లబడ్డాయి. బడికి మళ్ళీ వెళ్తున్నాను. పూలమ్మే ఆమె నన్ను చూసి, "ఏందమ్మా ఇట్ల సిక్కిపోతివి, ఇంట్లో బాదేమన్నా ఉండాదా?" అని గొంతు తగ్గించి అడిగింది. అంగడి మెట్టు మీద అమ్మ ఆర్పిన కర్పూరం ఆ వీధిలోని అందరి చెవులకూ చేరలేదు. మొగుడు కొడతాడన్న మాటకున్న కాళ్ళు కొట్టలేదన్న మాటకు లేవు.

ఒకరోజు ఇంట్లో నా చేతిని నేనే గట్టిగా పట్టుకుని, వదిలి, ఆయనకు చూపించాను. "సూడు, మచ్చ పళ్ళేదు," అన్నాను. ఆయన చెయ్యి తీసుకుని నా చేతి మీద పెట్టుకున్నాను. తీయలేదు, నొక్కలేదు. కరెంటు పోయిందో లేదో తెలియని తీగ మీద పెట్టినట్టు పెట్టి ఉంచాడు. మరునాడు తెల్లవారుతుండగా మెలకువ వచ్చేసరికి, ఆయన ముందు గది నుంచి వచ్చి నా పక్కన వంగి, కిటికీ వెలుగులో ఆ చేతిని చూస్తున్నాడు. నేను కళ్ళు తెరవలేదు. ఏమీ లేదని చూసుకుని వెళ్ళి మళ్ళీ తన చాప మీద పడుకున్నాడు.

బస్సు మెట్టు ఇప్పటికీ నాకు ఎత్తుగానే ఉంటుంది. కుప్పానికి పరీక్షలకు వెళ్ళేటప్పుడు ఆయన తోడు వస్తాడు, ఎప్పుడూ ఒక గుడ్డసంచి తెస్తాడు. ముందు తను ఎక్కి, సంచి ఒక చెవిని తన చేతికి చుట్టుకుని, రెండో చెవిని నాకు అందిస్తాడు. నేను దాన్ని పట్టుకుని ఎక్కుతాను. రోడ్డు దాటేటప్పుడూ అంతే, మా ఇద్దరి మధ్య ఆ సంచి ఉంటుంది. మందుల చీటీలకేమో, పండ్లకేమో అనుకునేదాన్ని. మొన్న పుంగనూరు బస్టాండులో దిగాక, ఆయన టీ తేవడానికి వెళ్తూ దాన్ని నా ఒళ్ళో పెట్టాడు. విప్పి చూశాను. అందులో ఏమీ లేదు.